తొమ్మిది కాయల తాబేలు

పన్నెండో ఏడు, మార్చి 2

గుంట మట్టం తొమ్మిది అడుగుల నాలుగంగుళాలు. నిన్నటికంటే అర అంగుళం తక్కువ. ఎండకు నీళ్ళు ఆవిరి కాకుండా వేసిన నీడ పలకలు నూట పన్నెండూ తేలుతున్నాయి. ఒకటి బోర్లా పడితే సరిచేశాను. కొండ మీద పొగమంచును నీళ్ళుగా పట్టే మంచు వలల నుంచి ఏడు బిందెలు దిగాయి. బాతులు మూడు వందల పద్నాలుగని మా మరిది వీరబ్బు చెప్పాడు. నేను లెక్కపెడితే మూడు వందల తొమ్మిది వచ్చాయి. బాతుల కాపరి అతను కాబట్టి అతని అంకే రాస్తున్నాను.

ఈ పుస్తకం నీటి దఫ్తరుది. రాసేది మల్లాడి నూకరత్నం, నాలుగో లంక గుంట కాపరి, చదువు పదో తరగతి. మా లంకల్ని సముద్రం తీసుకున్నాక రైలెక్కించి ఈ మెట్ట మీదికి తెచ్చి, ఈ గుంట తవ్వించి ఇచ్చిన రోజు నుంచి రోజూ రాస్తున్నాను.

ఈ రోజు నుంచి ఇంకో గడి నింపాలి. నెలాఖరున దఫ్తరు వాళ్ళు ఆఖరి తనిఖీకి వస్తారు. అప్పటికి గుంటలో ఉన్న ప్రతి ప్రాణి పేరు, ఉపజాతి, స్వస్థలం రాసి ఉండాలి. అన్నీ ఈ మెట్టవే అయితే మా అరవై కుటుంబాలకు ఇక్కడ పట్టాలిస్తారు. ఒక్క పరాయి ప్రాణి పిల్లలు పెట్టినట్టు తేలినా గుంటను ఏడాదిపాటు ఎండగడతారు. నీళ్ళు లేని చోట మనుషుల్ని ఉంచరు కాబట్టి ఊరిని మూడు ముక్కలు చేసి మూడు చోట్లకు పంపుతారు. మాలాగే ఇంకో మెట్ట మీద పెట్టిన రెండో లంక ఊరిని ఒక నత్త కోసం అలాగే పంపేశారు.

చేపలు పదకొండు రకాలు, కప్పలు నాలుగు రకాలు, ఎండ్రకాయలు రెండు రకాలు రాశాను. తాబేలు దగ్గర ఆగాను.

మార్చి 5

మట్టం తొమ్మిది అడుగుల మూడు.

మా తాబేలు వెనక కాళ్ళు లోపలికి లాక్కుని కింద రెండు తలుపులు మూసుకునే రకం. ఏడో ఏట మొదటిది కనిపించింది. ఈ మెట్టదేననుకున్నాను. అప్పటి నుంచి దొరికినదాని డిప్ప వెనక మెత్తటి అంచుకు సన్నటి రంధ్రం చేసి వల దారం కడుతున్నాను. ఒకటో దానికి ఒక ముడి, రెండో దానికి రెండు. మా వల ముడి తడిసేకొద్దీ బిగుస్తుంది. ఈ మెట్టలో ఆ ముడి వేసేవాళ్ళు మేం తప్ప లేరు. ఇప్పటికి పదమూడు కట్టాను. అయిదోది, ఎనిమిదోది ఏళ్ళ కిందటే కనబడకుండా పోయాయి. మిగిలినవి పదకొండు. ఈ మాఘంలో గట్టు మీద రూపాయి బిళ్ళంత పిల్లలు కూడా కనిపించాయి. పిల్లల్ని చూసి ముచ్చటపడి పుస్తకంలో రాసేశాను. ఇప్పుడు కొట్టేయడానికి లేదు.

ఉపజాతి చెప్పడానికి దఫ్తరు ఒక పెట్టె ఇచ్చింది. దానికి కన్నుంది, నోరుంది. పుస్తకాల భాషలో మాట్లాడుతుంది. తాబేలును చూపిస్తే, “దయచేసి పొట్ట చూపండి” అంది. వీరబ్బు ఒకదాన్ని వెల్లకిలా పట్టుకున్నాడు. పెట్టె ముందుగా వీరబ్బు బొటనవేలిని చూసి, అది తాబేలు తల అనీ, వయసు నలభై అనీ చెప్పింది. వీరబ్బుకు యాభై ఒకటి. నలభై అన్నందుకు రోజంతా సంతోషంగా ఉన్నాడు.

ఈ తాబేళ్ళలో రెండు ఉపజాతులట. తెడ్డేసే చేతికి కాయలు కాసినట్టు దీని పొట్ట మీద గరుకు కాయలుంటాయి. మెట్ట ఉపజాతికి ఏడు, లంక ఉపజాతికి తొమ్మిది. గోనె పీచుతో బురద తోమి లెక్కపెట్టాను. తొమ్మిది. వీరబ్బు లెక్కపెడితే ఏడు. వీరబ్బు లెక్క అవసరాన్ని బట్టి ఉంటుంది. పెట్టె కూడా లెక్కపెట్టింది. తొమ్మిదంది.

మార్చి 6

మట్టం తొమ్మిది అడుగుల రెండున్నర.

ఒక్క గుర్తుతో నిర్ణయం చేయకూడదని పెట్టే చెప్పింది. రెండో గుర్తు ఉప్పు. ఉప్పునీళ్ళలో వదిలితే మెట్టది తలుపులు మూసుకుంటుందట. లంకది మెడ చాస్తుందట. ఎంత ఉప్పు వేయాలో పెట్టె అంకెల్లో చెప్పింది గాని మా దగ్గర తూచే యంత్రం లేదు. గోలెంలో కొంచెం కొంచెంగా వేస్తూ నాలుక మీద చూసుకున్నాను. ఒకచోట మా పాత కాలువ నీళ్ళు గుర్తొచ్చాయి. అక్కడ ఆపాను. ఆ సంగతి పెట్టెకు చెప్పలేదు.

తాబేలును వదిలాం. కాసేపు కదల్లేదు. వీరబ్బు, “మూసేస్తంది చూడు వదినా, మూసేస్తంది” అంటున్నాడు. అది రెండు తలుపులూ బార్లా తెరిచి, మెడ జానెడు చాచి, గోలెం చుట్టూ ఈత మొదలుపెట్టింది. ఎంత పిలిచినా బయటికి రానంది. తీయబోతే వీరబ్బు బొటనవేలు పట్టుకుంది. పెట్టె నలభై ఏళ్ళన్న వేలే.

లంక ఉపజాతి. పెట్టెలో అలాగే ఎక్కింది.

మార్చి 9

మట్టం తొమ్మిది అడుగుల ఒకటి.

స్వస్థలం గడిలో ఏం రాయాలని పెట్టెను అడిగాను. లంక ఉపజాతి అంతరించినట్టు నమోదై ఉందని చెప్పింది. దొరికింది కాబట్టి స్వస్థలానికి తిరిగి పంపమంది. ఆ స్థలం ఎక్కడో అక్షాంశం, రేఖాంశం కూడా ఇచ్చింది. చూస్తే అది మా రేవు. ఇప్పుడక్కడ రెండు నిలువుల సముద్రం ఉంది. పడవ కూడా దఫ్తరే ఇస్తుందా అని వీరబ్బు అడిగాడు. ప్రశ్న అర్థం కాలేదని పెట్టె అంది.

తరవాత ఇంకో గడి చూపించింది, వచ్చిన విధానం. దాన్ని ఖాళీగా వదిలాను.

వదిలాను గాని నాకు తెలుసు. మా వాళ్ళు కొత్త నీళ్ళు తాగేముందు పాత నీటి అడుగుమట్టి అందులో కలుపుతారు. కలపకపోతే నీళ్ళు మనుషుల్ని గుర్తుపట్టవంటారు. ఊరు వదిలేటప్పుడు తిండిగింజలు తెచ్చుకోవచ్చు గాని మట్టి తీసుకురాకూడదన్నారు. అరవై ఇళ్ళవాళ్ళం అరవై కుండల్లో కాలువ ఒండ్రు నింపి, పైన బియ్యం పోసి తెచ్చాం. మొదటి రోజే గుంటలో కలిపాం. రైల్లో నా కుండలోంచి గీకుతున్న చప్పుడు వినబడింది. పీత అనుకున్నాను. దిగాక కూరలో వేసుకోవచ్చనుకున్నాను. దిగిన హడావిడిలో మరిచిపోయాను.

మార్చి 12

మట్టం తొమ్మిది అడుగులు.

ఊళ్ళో అందరికీ చెప్పక తప్పలేదు. బాతుల పాక దగ్గర కూర్చున్నారు. తాబేళ్ళను కూర వండేస్తే సరిపోతుందని కొందరన్నారు. పెట్టెలో ఎక్కినవి కనబడకపోతే మాయం చేశారని ఇంకో కేసు అవుతుందని చెప్పాను. అయితే పెట్టెనే గుంటలో పడేద్దామన్నారు. పడేశారు కూడా. అది తేలుతుందని ఎవరూ అనుకోలేదు. తేలుతూ, “నీటి ఉష్ణోగ్రత ఇరవై ఆరు” అంది. బాతులు బెదిరి అవతలి గట్టెక్కాయి. తీసి తుడిచి ఎండబెట్టాను.

ఎండబెడుతూ నిబంధనలు మొత్తం చదవమన్నాను. చాలాసేపు చదివింది. పద్నాలుగో నిబంధన దగ్గర మళ్ళీ చదివించాను. పరాయి ప్రాణి మూడు వేర్వేరు నీటివనరుల్లో మూడేళ్ళకు తక్కువ కాకుండా బతికి ఉంటే అది పరాయిది కాదు, స్థిరపడిన ప్రాణి. దాని కోసం ఏ నీటినీ ఎండగట్టకూడదు.

మనకు ఉన్నది ఒక్క గుంట అని వీరబ్బు అన్నాడు. ఈ ఒక్కసారి లెక్క సరిగ్గా చెప్పాడు.

మార్చి 16

మట్టం ఎనిమిది అడుగుల పదకొండు.

వీరబ్బు పొద్దున్నే బాతుల్ని నాకు వదిలి ఎటో వెళ్ళాడు. ఎండెక్కాక తడి గోనెసంచితో వచ్చాడు. అతని ఆలోచన ఏమిటంటే, ఇక్కడి తాబేలునొకదాన్ని తెచ్చి తనిఖీ ఆయనకు చూపించి, పెట్టె ఇన్నాళ్ళూ తప్పు చెప్పిందని అనాలి. మా పక్క ఊరు కంబాలపల్లె. ఆ ఊళ్ళో బావికొక తాబేలును పెంచుతారు. తాబేలుంటే నీళ్ళు తియ్యగా ఉంటాయని వాళ్ళ నమ్మకం. బడి దగ్గర బావిలో చేద వేసి వీరబ్బు ఒకదాన్ని ఎత్తుకొచ్చాడు.

మనిషి మంచివాడే గాని ఇలాంటి పనులు చెప్పి చేయడు. తిట్టాను. తిట్టాక సంచి విప్పాను.

పొట్ట తిప్పితే తొమ్మిది కాయలు. వెనక అంచుకు పాచి పట్టిన దారం ఉంది. పాచి గీకి చూశాను. అయిదు ముళ్ళు. మా ముళ్ళు.

వీరబ్బు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. “మనదే మనం దొంగతనం సేసేమేటి వదినా?” అన్నాడు.

పాత పుస్తకాలు తీశాను. ఎనిమిదో ఏడు, ఆగస్టు 19. అయిదోది కనబడలేదు. తొమ్మిదో ఏడు, జనవరి 7. ఎనిమిదోది కనబడలేదు. రెండూ మూడేళ్ళు దాటాయి.

మార్చి 17

మట్టం ఎనిమిది అడుగుల పదిన్నర. పొద్దున మంచు వలలు చూసుకుని కంబాలపల్లె నడిచాను. రెండు కిలోమీటర్లు.

ఆ ఊరి నీరుగంటి పేరు ఓబుళేసు. బావులు, తూములు అతని చేతిలో ఉంటాయి. పన్నెండేళ్ళుగా మమ్మల్ని ఉప్పునోళ్ళు అంటాడు. మా నోళ్ళకు మంచినీళ్ళు దండగని ఒకసారి నీటి సభలో అన్నాడు. అతని ఇంటి అరుగు మీద సంచి విప్పి, దారం కనబడేలా తాబేలును పెట్టాను.

“ఏమక్కా, తాబేలు తెచ్చినావు?” అన్నాడు.

“తిరిగిచ్చేద్దామని వచ్చానయ్యా. మా వీరబ్బు మీ బడి బావిలోంచి పట్టుకొచ్చేశాడు. తప్పు మాదే.”

ఓబుళేసు దారం చూశాడు. ముళ్ళు లెక్కపెడుతున్నట్టు పెదవులు కదిలాయి. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. తాగాను. తియ్యగానే ఉన్నాయి.

తనే మొదలుపెట్టాడు. పెద్ద కరువులో వాళ్ళ తాబేళ్ళన్నీ చచ్చిపోయాయి. తాబేలు లేని బావి నీళ్ళు అతని ఊరివాళ్ళు నోట్లో పోసుకోరు. చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు. మా గట్టు మీద ఎండకు కాగుతున్నవి కనిపించాయి. ఒకటి బడి బావిలో, ఒకటి దిగువ బావిలో వేశాడు. పట్నంలో కొన్నానని ఊళ్ళో చెప్పాడు.

పద్నాలుగో నిబంధన సంగతి చెప్పాను. మా గుంట ఒకటి, అతని బావులు రెండు. కలిపితే మూడు నీళ్ళు. అతను తాబేలును తన వైపు తిప్పుకున్నాడు.

“అంటే దఫ్తరాయన ముందర, మా బాయిల్లో మీ తాబేళ్ళు ఉండాయని నేనే చెప్పల్లనా?”

“మావని చెప్పక్కర్లేదు. ఉన్నాయని చెప్తే చాలు.”

“దొంగతనం గదక్కా. నీరుగంటి పని పీకేస్తారు. ఇంగ ఊర్లో, మన నీళ్ళు తీపి అయ్యింది ఉప్పునోళ్ళ తాబేలుతోనా అని నవ్వుతారు. అది దీనికంటే కష్టం.”

“నా పుస్తకంలో దొంగతనం అని ఎక్కడా లేదు” అని పాత పేజీ తీసి చూపించాను. అతను రెండుసార్లు చదివాడు.

“కనబడలేదు అంటే?”

“కనబడలేదనే.”

చూస్తానన్నాడు. వస్తానని మాత్రం అనలేదు. తాబేలును అక్కడే వదిలి వచ్చాను. అడిగి తెచ్చుకున్నది కాదు కదా.

మార్చి 24

మట్టం ఎనిమిది అడుగుల ఎనిమిది. కంబాలపల్లె నుంచి కబురు లేదు. ఊళ్ళో కొందరు మూటలు కట్టడం మొదలుపెట్టారు. కుండల్లో ఈ గుంట మట్టి నింపుకుంటున్నారు. కుండలో ఏదైనా గీకితే చూసుకోండని మాత్రం చెప్పాను.

మార్చి 28

మట్టం ఎనిమిది అడుగుల ఏడు.

తనిఖీ అధికారి పేరు మద్దిలేటి. సన్నటి మనిషి, గొడుగు వదలరు. చేపలు చూశారు, కప్పలు చూశారు, బాతుల్ని లెక్కపెట్టించారు. మూడు వందల తొమ్మిది. వీరబ్బు వేరే వైపు చూశాడు.

తాబేలు వంతు వచ్చింది. పెట్టె మొత్తం అప్పజెప్పింది. లంక ఉపజాతి, తొమ్మిది కాయలు, ఉప్పు పరీక్ష, పిల్లలు. మద్దిలేటి గారు నా వైపు తిరిగి, వచ్చిన విధానం గడి ఎందుకు ఖాళీగా ఉందని అడిగారు. చెప్పేశాను. కుండ, ఒండ్రు, పైన బియ్యం, రైలు, గీకిన చప్పుడు. పీత అనుకున్నానని కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. గడిలో ‘మనుషులతోపాటు’ అని రాసుకున్నారు. రాసుకుని సంచిలోంచి ఎర్ర సీలు తీశారు. అది తూముకు వేస్తే మరుసటి రోజు నీళ్ళు వదిలేస్తారు. ఊరంతా గట్టు మీదే ఉంది.

సీలుకు తీగ ఎక్కిస్తున్నప్పుడు వీరబ్బు నా చెయ్యి గిల్లాడు. దారిలో ఓబుళేసు వస్తున్నాడు. కావడికి రెండు బిందెలు వేసుకుని, ఒలక్కుండా, తాబేలు నడిచినంత మెల్లగా వస్తున్నాడు. వెనక వాళ్ళ ఊరివాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. గట్టు మీద కావడి దించి తలగుడ్డ తీశాడు.

“ఇవి మా బాయిల్లోవి సార్. ఒగటి బడి బాయి, ఒగటి దిగువ బాయి. శానా ఏండ్లయింది.”

మద్దిలేటి గారు రెండు పొట్టలూ చూశారు. తొమ్మిది, తొమ్మిది. దారాల ముళ్ళు లెక్కపెట్టి నా పాత పుస్తకాలతో సరిచూశారు. తేదీలు పెట్టెకు చెప్పారు. పద్నాలుగో నిబంధన వర్తిస్తుందని పెట్టె అంది.

“ఇవి మీ బావుల్లోకి ఎట్లొచ్చె?” అని ఆయన అడిగారు. ఆయనదీ ఆ వైపే అని మాటను బట్టి తెలిసింది.

“నడుచుకుంటా వచ్చినాయి సార్.”

“రెండు కిలోమీటర్లా?”

“వాటికేం తొందర సార్.”

“బావి గట్టెక్కి దూకినాయా?”

“మా గట్టు తక్కువ సార్. పోయినేడు మేక గూడా పడె.”

ఆయన ఓబుళేసును అలాగే చూశారు. వెనక నిలబడ్డ ఇరవై మందీ మేక పడిందని ఒకేసారి తలలూపారు. అంటే ఊళ్ళో అప్పటికే అందరికీ చెప్పి వచ్చాడన్న మాట. ఆయన నా వైపు తిరిగారు.

“నీవు కనబడలేదని రాసినావు. వెతకలేదా?”

“ఉన్న చోట బాగానే ఉంటుందనుకున్నానండి.”

గొడుగు కొనతో నేల మీద గీతలు గీశారు. తరవాత బావుల తాబేళ్ళకు వచ్చిన విధానం గడిలో ‘స్వయంగా వలస’ అని రాశారు. తీగ విప్పి సీలు సంచిలో పెట్టుకున్నారు.

వెళ్ళేటప్పుడు ఓబుళేసు రెండు తాబేళ్ళనూ మళ్ళీ బిందెల్లో వేసుకున్నాడు. ఒకదాన్ని నేనే అందించాను. కావడి ఎత్తుకునేముందు మా నీళ్ళు కాస్త తాగి, “పర్వాలేదు, తాగచ్చు” అన్నాడు.

ఏప్రిల్ 11

మట్టం ఎనిమిది అడుగుల రెండు.

దఫ్తరు నుంచి కాగితాలొచ్చాయి. తాబేలు కాగితం ముందుంది. లంక ఉపజాతి, స్థిరపడినది, స్వస్థలం కంబాలపల్లె మెట్ట. మా కాగితం దాని కింద ఉంది. పట్టాలు మంజూరయ్యాయి గాని గుర్తింపు కార్డుల్లో స్వస్థలం మార్చడానికి ఆరు నెలలు పడుతుంది. అప్పటిదాకా నా కార్డులో పాత లంక పేరు, పక్కన ‘మునిగినది’ అని ఉంటుంది. తాబేలుది వెంటనే మారింది. దానికి ఫొటో అక్కర్లేదట.

మూటలు విప్పారు. కుండల్లో నింపిన మట్టిని మళ్ళీ గుంటలో కలిపారు. ఈసారి బోర్లించి చూసుకుని కలిపారు.

జూన్ 20

నాలుగు రోజులుగా వాన. మట్టం పదకొండు అడుగులు. నీడ పలకలు కట్టేశాను. బాతులు మూడు వందల నలభై అని వీరబ్బు చెప్పాడు. అలాగే రాస్తున్నాను.

కంబాలపల్లెలో మూడో బావికి పూడిక తీశారట. పదకొండోది నిన్నటి నుంచి కనబడలేదు.